ఒక లీ పని

మూడున్నరకు మిల్లు సంగు కూసిన అరగంటకల్లా పాప్పమ్మాళ్ ఇంటి తిన్నె నిండిపోయింది.

సూలూరు దారిలోని ఆ మిల్లు లైనిళ్ళలో ఎనిమిదో తరగతి పిల్లలు ఏడుగురు. ఏడుగురూ అక్కడే ఉన్నారు, ఒళ్ళో లెక్కల నోటు పెట్టుకుని. అందరికన్నా ముందు కూర్చున్నది వీరాయి, పాప్పమ్మాళ్ అన్న కూతురు.

"సదువు పాపా," అంది పాప్పమ్మాళ్, జుట్టుకంటిన దూది దులుపుకుంటూ.

వీరాయి చదివింది. పన్నెండుమంది పది రోజుల్లో ఒక గోడ కడితే, పదిహేనుమంది ఎన్ని రోజుల్లో కడతారు?

"మనుసులు జాస్తి అయితే దినాలు జాస్తి అవుతాయా, కమ్మి అవుతాయా?"

"కమ్మే గదా అత్తా."

"అంతే. కౌంటు నంబరు ఎక్కేకొద్దీ నూలు సన్నమయ్యేది సూసుండావు గదా? ఇదీ అట్లే. పన్నెండు పదులు ఎంత?"

"నూటిరవై."

"మాకు అది ఒక లీ. ఆ లీని పదిహేనుమందికి పంచు."

"ఎనిమిది," అన్నారు ఏడుగురూ ఒక్కసారే.

నూటిరవై గజాల నూలును మిల్లులో చిలపలు చుట్టే రీలింగు ఖాతాలో లీ అంటారు. అయిదో తరగతితో బడి మానేసిన పాప్పమ్మాళ్ ఇరవై ఏళ్ళుగా ఆ లీలనే లెక్కబెడుతోంది. లెక్కలే కాదు, సైన్సూ ఆమె మిల్లులోంచే చెబుతుంది. పెద్ద చక్రం ఒక చుట్టు తిరిగితే చిన్న చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆమెకు పుస్తకం చూసి తెలుసుకోవలసిన పనేముంది?

"మీ వాత్తియారు బడిలో ఏమీ సెప్పడా?" అని ఒకసారి అడిగింది.

"కల్యాణసుందరం సారా? మాతో పాఠం గట్టిగా సదివిస్తాడు. ఇంటికాడ సేసుకొని రమ్మంటాడు," అంది వీరాయి. "మర్నాడు సరిగా సేసినోళ్ళని బోర్డు కాడ నిలబెట్టి అందరికీ సెప్పమంటాడు. తానేమో కడపటి బెంచీలో కూర్సొని సిన్న నోటులో ఏమో రాసుకుంటాడు."

"ఏమి రాస్తాడు?"

"మా తప్పులే. కణక్కు తప్పుబోతే కొట్టడు అత్తా, పద్యం ఒప్పజెప్పమంటాడు."

లెక్క తప్పితే పద్యమా అని పాప్పమ్మాళ్ కడుపుబ్బ నవ్వింది. ఎవరి పిచ్చి వారికానందం అనుకుంది.

కానీ ఈ లెక్కలు ఆమెకు నవ్వులాట కాదు. అర్ధ సంవత్సరం పరీక్షలో లెక్కలు పోతే వీరాయిని మిల్లులో చేర్చేస్తానని అన్న పెరుమాళ్‌సామి ఎప్పుడో తేల్చేశాడు. ఒకప్పుడు పాప్పమ్మాళ్ పేరూ అలాగే మిల్లు మస్టరులోకెక్కింది. ఆనాడు వద్దని అడ్డుపడ్డవాళ్ళు లేరు. మేనకోడలి కాలు మాత్రం ఆ గేటు దాటనివ్వకూడదని ఆమె పంతం.

గోడ లెక్క చెప్పిన మర్నాడు పిల్లలు ముఖాలు వేలాడేసుకుని వచ్చారు. ఏడు నోట్లలోనూ ఒకే చోట ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి ఉంది. 'మొత్తం పని = ఒక లీ' అని ఏడుగురూ అత్త చెప్పింది చెప్పినట్టే రాసేశారు.

"లీ అంటే ఏమి, ఎవురు సెప్పినారు అన్నాడు సారు," అంది వీరాయి నేల చూస్తూ. "నీ పేరు సెప్పేసినా అత్తా. రేపు సాయంత్రం ఇంటికి వొస్తాడంట."

పాప్పమ్మాళ్ నోటు మూసి పక్కన పెట్టింది. ఉన్న ఊళ్ళో వాత్తియారుండగా అయిదో తరగతి మిల్లు మనిషి ఎనిమిదో తరగతికి పాఠం చెప్పడమా? సారు ఒక్క మాట అంటే చాలు, అన్నకు అంతకన్నా సాకు అక్కర్లేదు. కందకు లేని దురద నాకెందుకు పుట్టిందిరా దేవుడా అని తనను తానే తిట్టుకుంది.

మర్నాడు మిల్లు నుంచి వస్తూనే తిన్నె కడిగింది. పక్కింట్లో కాఫీ పొడి అప్పు తెచ్చింది. 'తప్పయింది సార్' అన్న మాటను పదిసార్లు వల్లించుకుంది.

కల్యాణసుందరం సార్ గొడుగుతో, చేతిసంచీతో వచ్చాడు. ఉడుమలైపేట మనిషి, ఇంట్లో తెలుగే. తిన్నె మీద కూర్చుంటూనే అడిగాడు.

"ఈ పిల్లకాయలకు కణక్కు సెప్పేది నువ్వేనా?"

"ఆమా సార్. తప్పయింది. ఇంక సెప్పను. వీరాయిని మాత్రం ఏమీ అనొద్దండి, అది బాగా సదివే పిల్ల."

"లీ అంటే ఏమి?"

పాప్పమ్మాళ్ లోపలి నుంచి ఒక నూలు పోగు తెచ్చి చూపించింది. లీ చెప్పింది, కౌంటు చెప్పింది. నంబరు పెరిగితే నూలెందుకు సన్నబడుతుందో చెప్పింది. సార్ రెప్పవేయకుండా విన్నాడు. సంచీలోంచి చిన్న నోటు తీసి, ఆమె అన్న ప్రతి ముక్కా రాసుకున్నాడు. ఇది హెడ్‌మాస్టరుకే పోతుందని ఆమెకు అర్థమైపోయింది.

సార్ కాఫీ తాగి లోటా కింద పెట్టాడు.

"మీరు పోయి ఆడుకోండి," అన్నాడు పిల్లలతో. వాళ్ళు వీధి మలుపు దాకా పోయి, అక్కడి నుంచి తొంగిచూస్తూ నిలబడ్డారు.

సార్ అటూ ఇటూ చూసి, సంచీలోంచి ఎనిమిదో తరగతి పుస్తకం తీసి, రేపటి పాఠం తెరిచి ఆమె ముందు పెట్టి, గొంతు బాగా తగ్గించి అన్నాడు: "అక్కా, నేను తమిళ వాత్తియారుని, కణక్కు వాత్తియారు వొచ్చేదాకా నువ్వే సూసుకో అని జూన్‌లో దీన్ని నా నెత్తిన పెట్టినారు, రేపటిది నాక్కూడా కొంచెం సెప్పియ్యి."