అవతలి పన్నెండు

నారింజ రంగు చొక్కావాడు ఈసారి కూడా అందర్నీ తప్పించుకుని గీత దాటేశాడు.

కోచ్ డెన్హమ్ ఈల ఊది, టోపీ తీసి నేలకు కొట్టాడు.

“ఏరా టైరెల్, పదకొండుమంది ఉన్నారు కదరా. ఒక్కణ్ణి ఆపలేరా?”

“చేతికి దొరకట్లేదు కోచ్,” అన్నాడు టైరెల్ రొప్పుతూ. డిఫెన్స్‌కు అతనే నాయకుడు.

“నకిలీవాడికే ఇలా అయిపోతే, శనివారం అసలువాడు మిమ్మల్ని నమిలి మింగేస్తాడు.”

మా బ్రాడీ క్రీక్ కాలేజీ రెండేళ్ళుగా ఒక్క ఆట గెలవలేదు. ఊళ్ళో క్షవరం షాపులో కూడా ఫుట్‌బాల్ మాట ఎత్తడం మానేశారు. పడిపోయిన జట్టును మళ్ళీ నిలబెట్టమని ఈ ఏడు డెన్హమ్‌ను తెచ్చుకున్నాం. వచ్చిన రోజు నుంచీ ఆయనకు ఒకటే దిగులు, క్వార్టర్‌బ్యాక్. బంతి ముందుగా వెళ్ళేది వాడి చేతికే, దాన్ని మనవాళ్ళకు విసరాల్సిందీ వాడే. వాడు తడబడితే ఇక జట్టే లేదు. సరైనవాడి కోసం పాపం ఆయన కళ్ళు కాయలు కాచాయి.

పోటీలో ఇద్దరున్నారు. బ్రైస్‌ది ఉక్కు చెయ్యి, కాకపోతే ఎటు విసురుతాడో వాడికే తెలియదు. కీగన్ బుద్ధిమంతుడు, వాడు ఆలోచించేలోపు ఆట అయిపోతుంది. ప్రాక్టీసులో ఇద్దరికీ ఎర్ర చొక్కాలు. ఎర్ర చొక్కా మీద ఎవరూ చెయ్యి వేయకూడదు.

నారింజవాడికి ఆ భాగ్యం లేదు. ఎదుటి జట్టు క్వార్టర్‌బ్యాక్ ఆటను వీడియోలో చూసి, అతని నంబరు తొడుక్కుని, అచ్చం అతనిలా ఆడి, దెబ్బలు తిని, మన డిఫెన్స్‌కు అలవాటు చేయడం వాడి పని. ఈ వారం టెల్ఫర్డ్ కాలేజీతో ఆట, వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ నంబరు పన్నెండు, కాబట్టి వాడు టెల్ఫర్డ్ పన్నెండు. నాలుగేళ్ళుగా ఇదే కొలువు. మన ఆకుపచ్చ చొక్కాతో ఒక్కసారీ మైదానంలోకి దిగింది లేదు.

“ఒరేయ్ దొంగ టెల్ఫర్డూ, మా తిండి తింటూ మాకే ద్రోహమా?” అంటూ టైరెల్ వాణ్ణి మళ్ళీ పడేయబోయాడు. వాడు నవ్వి మళ్ళీ తప్పించుకున్నాడు.

గురువారం ప్రాక్టీసయ్యాక వాడు కోచ్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. మోచెయ్యి గీరుకుపోయి ఉంది.

“కోచ్, ఒక్క మాట.”

“చెప్పు పన్నెండూ.”

“నన్నూ ఒకసారి మన జట్టు తరఫున ఆడనిస్తారా? నాలుగు బంతులు చాలు. ఇది నాకు ఆఖరి ఏడాది.”

డెన్హమ్ కాగితాల్లోంచి తలెత్తలేదు.

“ఇద్దరితోనే వేగలేక చస్తున్నాను బాబూ. నీ పని నువ్వు చూసుకో.”

“మా అమ్మ మూడు గంటలు కారు నడుపుకుని వస్తుంది కోచ్. నాలుగేళ్ళుగా బెంచీ మీద నా వీపు చూసి వెళ్ళిపోతోంది.”

“వచ్చే వారం చూద్దాంలే.”

కోచ్‌ల నోట ‘చూద్దాం’ అంటే ఏమిటో ఆడినవాళ్ళకు తెలుసు. వాడు సామాన్ల గది కిటికీ దగ్గర ఆగి, ఉతికి ఆరేసిన ఆకుపచ్చ చొక్కాల వంక చాలాసేపు చూశాడు. ఒక్కటి ఒంటి మీద వేసుకోవాలని వాడికి ప్రాణం కొట్టుకుపోతోంది.

శుక్రవారం పొద్దున తలుపుకు ఆడేవాళ్ళ పేర్ల కాగితం అంటించారు. బ్రైస్, వాడి కింద కీగన్. నారింజవాడు దాన్ని రెండుసార్లు చదివి వెళ్ళిపోయాడు.

శనివారం ఊరు ఊరంతా వచ్చింది. బ్రైస్ బంతిని నాలుగుసార్లు నేరుగా అవతలివాళ్ళ చేతుల్లో పెట్టాడు. కీగన్‌ను దింపితే, వాడు ఇంకా ఆలోచిస్తుండగానే మీద పడ్డారు. మనకు సున్నా.

వింతేమిటంటే అవతలివాళ్ళకూ మూడే పాయింట్లు. ఏ పన్నెండును తలుచుకుని కోచ్‌కు వారమంతా కంటి మీద కునుకు లేదో, ఆ పన్నెండును టైరెల్ బృందం ఎక్కడికక్కడ పడగొట్టేసింది.

ఓడి లోపలికి వచ్చాక డెన్హమ్ టైరెల్ పక్కన కూలబడ్డాడు.

“ప్రాక్టీసులో ఒక్కసారి కూడా ఆపలేకపోయారు. ఇవాళ ఏం తినొచ్చార్రా?”

“ఏముంది కోచ్,” టైరెల్ బూటు విప్పుకుంటూ అన్నాడు. “వాళ్ళ పన్నెండు మన పన్నెండంత కష్టం కాదు.”

“అంటే?”

“మన నారింజ చొక్కా వోరాక్, కోచ్. వాళ్ళవాడు ఎలా ఆడాలనుకుంటాడో, వోరాక్ అలా నిజంగా ఆడతాడు.”

ఆ పేరు డెన్హమ్ వినడం అదే మొదలు.

“ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా?”

“మీరు ఆపమన్నారు కోచ్. వాడెలా ఆడుతున్నాడో అడగలేదు.”

“వెళ్ళి పిలుచుకురా వాణ్ణి.”

టైరెల్ చెయ్యి బూటు మీదే ఆగిపోయింది.

“నిన్ననే సామానంతా అప్పజెప్పేశాడు కోచ్. ఇక రావద్దని వాళ్ళమ్మకు ఫోన్ చేసి, తనే ఇంటికి బస్సెక్కాడు.”

వారమంతా తాను తిట్టిపోసింది మంచి జట్టునేననీ, ఆ జట్టును రోజూ ఒంటిచేత్తో ఓడించినవాడే తాను వెతుకుతున్న క్వార్టర్‌బ్యాక్ అనీ డెన్హమ్‌కు అప్పుడు అర్థమైంది.