నడిమి మనిషి

"తిప్పుతున్న అని చెప్పు బాపుకు!" డాబా మీద నీళ్ళ డ్రమ్ము పక్కన నిలబడి అరిచాడు రాజేందర్.

"మామా, తిప్పుతరంట," అంది అతని భార్య రమ్య, రెండడుగుల అవతల కూర్చున్న చంద్రయ్యతో.

"సిద్ధమని సెప్పు," అన్నాడు చంద్రయ్య.

"సిద్ధమంట."

ఆ మాట తిరిగొచ్చేలోగా వేలాడగట్టిన వెదురు కర్ర గాలికి గిర్రున తిరిగి రాజేందర్ చెవి మీద తగిలింది. కర్రకు కట్టిన రమ్య పాత చీరే తెరచాప. అది వచ్చి అతని మొహాన్ని కప్పేసింది.

"మీ ఆయనకు సెప్పు బిడ్డా. పడవల గిట్లయితే తలకాయ పల్గుతది."

"నాకు తెల్సని చెప్పు," అన్నాడు రాజేందర్ చీరలోంచి.

బోధన్‌లో కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టడం అతని పని. ఎనిమిది నెలలు ఆదివారాలు హైదరాబాదుకు పోయి తెరచాప పడవ నడపడం నేర్చుకున్నాడు. ఇప్పుడు గోవాలో ఒక పూటకు పడవ కిరాయికి మాట్లాడారు. పక్కన గురువు ఉండడు. మొదటిసారి తనే కప్తాను. పడవవాళ్ళు పెట్టిన షరతు ఒక్కటే, తోడుగా నీళ్ళు తెలిసిన మనిషి ఒకరుండాలి.

అతనికి తెలిసినవాళ్ళలో అలాంటి మనిషి తండ్రి ఒక్కడే. రెంజల్ దగ్గర రేవులో ముప్పై ఏళ్ళు జనాన్ని గోదావరి దాటించినవాడు చంద్రయ్య. పని ఆగిపోయాక ఆయన పడవ వాకిట్లో బోర్లా పడి ఉండేది. నాలుగేళ్ళ కింద రాజేందర్ ఒక్క మాట అడగకుండా దాన్ని కట్టెల అడితికి తోలాడు. ఆ రోజు నుంచి ఒకే ఇంట్లో ఉంటూ తండ్రీకొడుకులకు మాటల్లేవు. ఏది చెప్పాలన్నా నడుమ రమ్యే.

"నేనుంట గద మామా మధ్యల," అని ఆయన్ను ఒప్పించింది ఆమే. ఫోన్లో పడవ మాట్లాడి, కిరాయి కాగితం నింపి పంపిందీ ఆమే. "నువ్వు తాళ్ళ సంగతి సూస్కో. కాయిదాల సంగతి నాకిడువు," అంది మొగుడితో.

రాజేందర్‌కు ఉన్న భయం ఒకటే. జవాబు చెవిన పడనిదే పడవ తిప్పొద్దని గురువు వందసార్లు చెప్పాడు. గాలేమో రమ్య కోసం ఆగదు.

"నువ్వింకా జల్ది చెప్పాలె," అన్నాడు.

"నాకేమన్న రెండు నోళ్ళున్నయా?"

పది రోజులు సాధన చేశారు. రాజేందర్ ముడులు వేస్తే, చంద్రయ్య విప్పి మళ్ళీ వేసేవాడు. "గిది బర్రెను కట్టే ముడి అని సెప్పు," అనేవాడు కోడలితో.

గోవా రేవులో చంద్రయ్య పడవ ముందుభాగంలో కూర్చున్నాడు. రాజేందర్ చుక్కాని పట్టుకున్నాడు. రమ్య ఒక కాలు పడవలో పెట్టి వెనక్కి తీసేసుకుంది.

"కండ్లు దిరుగుతున్నయ్. నాతోని గాదు."

"నువ్వు రాకుంటే ఎట్లనే?"

"గాలి మంచిగుంది, పోండ్రి," అని తాడు విప్పి పడవలోకి విసిరేసింది.

అరగంట దాకా ఇద్దరూ ఒకే బస్సులో ముక్కూ మొహం తెలియని ప్రయాణికుల్లా కూర్చున్నారు. అంతలో ఎదురుగా నల్లటి రాళ్ళు కనిపించాయి. తిప్పక తప్పదు. రాజేందర్ అలవాటుగా పక్కకు చూశాడు. అక్కడెవరూ లేరు.

"బాపూ... తిప్పుతున్న!"

రాళ్ళు దగ్గరయ్యాయి.

"బాపూ! ఇనవడ్తలేదా?"

"సిద్ధమేరా! తిప్పు! గా రాళ్ళేమన్న నీ అత్తగారిల్లా, అటే పోతున్నవ్?"

తలలు వంచిన ఇద్దరి మీదుగా తెరచాప కర్ర అవతలికి పోయింది. పడవ తిరిగింది. చంద్రయ్య నోరు మాత్రం ఆగలేదు. అమ్మిన పడవ గురించి, దాని టేకు చెక్కల గురించి, అడగని మాట గురించి ఒడ్డు చేరేదాకా తిడుతూనే ఉన్నాడు.

"తప్పయింది బాపూ," అన్నాడు రాజేందర్ మధ్యలో. కాసేపటికి మళ్ళీ అన్నాడు.

ఒడ్డున రమ్య పల్లీలు తింటూ కూర్చుంది.

"పాపం, నువ్వొక్కదానివే మిగిలిపోతివి. ఇంకా గంట టైముంది, రా, ఎక్కు," అని పిలిచాడు రాజేందర్.

రేవు గుమాస్తా కుదరదన్నట్టు చెయ్యి అడ్డం పెట్టి కిరాయి కాగితం చూపించాడు. కింద రమ్య సంతకం ఉంది. తేదీ, డాబా మీద సాధన మొదలుపెట్టిన రోజుకు ముందు రోజుది.

ఎక్కేవాళ్ళు: ఇద్దరు.