చేత్తో తెరిచిన తూము

"తూము నువ్వే మూసినవా బిడ్డా?" అని అడిగాడు రాజమల్లు. ముప్పై ఏళ్లు నిజాంసాగర్ కాలువ మీద లష్కర్‌గా తూములు తిప్పిన మనిషికి, కూతురు చెప్పిన ఫైర్‌వాల్ కూడా తూములాగే అర్థమైంది.

"నేనే బాపూ," అంది సవిత. రక్తం కావాలని బోధన్‌లోని ఒక చిన్న దవాఖాన పంపిన కబురు సవిత వాళ్ల కంపెనీ నడిపే రక్తదాన యాప్‌కు చేరలేదు. రక్తం అందక అక్కడి బాలింత ఒకామె ఈ పొద్దున చనిపోయింది.

"క్లౌడ్‌ల మా క్లస్టర్, అంటే యాప్ నడిపే మెషీన్ల గుంపు, ఎవల కబురు లోపలికి రానియ్యాల్నో చెప్పే ఫైర్‌వాల్ రూల్స్ దానంతటదే రాసుకుంటది. అవసరమైంది మనం తీసేసినా మళ్ల రాసుకుంటది. నిన్న పాతవి ఏరి పారేస్తుంటే ఇది గూడ గసొంటిదే అనుకున్న. తీసేసిన. మళ్ల రాలే. గది నాకన్న ముందు ఈ పని చేసిన యాసిన్ అన్న చేత్తోటి రాసిందట."

"మరి యాసిన్‌ను అడగకపోయినవా?"

"అన్న చనిపోయి ఏడాదాయె బాపూ."

రాజమల్లు తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"ఎవలన్న రైతు బతిమాలితే, వంతు లేకున్నా తూము తెరిచేటోళ్లం. మా తర్వాత డ్యూటీకొచ్చేటోడు తెల్వక మూయకుండ, దానికో పేలిక కట్టిపోయేటోళ్లం. మీ కాడ గట్ల కట్టరా?"

సవిత తీసేసిన రూల్స్ జాబితా తెరిచింది. ప్రతి రూల్ కింద వివరం రాసే గడి ఒకటి ఉంటుంది. అందులో ఎప్పుడూ మెషీన్ రాతే కనిపిస్తుంది కాబట్టి ఎవరూ చదవరు.

'బోధన్ దవాఖాన రక్తం అడిగే దారి ఇదొక్కటే. మూయొద్దు. యాసిన్.'

"కట్టిండు బాపూ," అంది సవిత. "నేనే చూస్కోలే."