గట్టి నేల

కొండ కింద అడవిలో జంతువులన్నీ చలికాలాన్ని బొగ్గు మంటలతో గడిపేవి. నేలలోంచి ఆ బొగ్గు తవ్వి తెచ్చేది ఒక ముసలి పందికొక్కు, దాని బంధువులు. పొగకు లేడిపిల్లలు దగ్గి దగ్గి సొమ్మసిల్లుతుంటే, ఇక బొగ్గు వద్దు, గాలిమరలతోనే వెచ్చదనం తెచ్చుకుందామని అందరూ తీర్మానించారు. మంచి మాటే అనుకుంది పందికొక్కు. కానీ ఆ రోజు నుంచి దాన్ని పలకరించినవాళ్లు లేరు.

గాలిమర రెక్కలు అల్లడం అడవి మొత్తానికి గిజిగాడికొక్కడికే వచ్చు. పాపం, వాడు ఒంటరిగా నిలబెట్టిన మరలన్నీ ఒరిగిపోతున్నాయి. చలి ముంచుకొస్తోంది. మూడో మర కూడా కూలేసరికి, విరిగిన రెక్కల మధ్య కూర్చుని ఏడ్చేశాడు.

పందికొక్కు చూడలేక దగ్గరికి వెళ్లింది.

"నాయనా, నువ్వు గుంట తీసింది ఇసుక నేలలో. ఆ తుమ్మచెట్టు అవతల గట్టి మొరం ఉంది."

"నీకెలా తెలుసు మామా?"

"పుట్టినప్పటి నుంచీ నేల కిందే కదా బతికాను."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"బొగ్గు తవ్వుకునేవాణ్ణి, నన్నెవరు అడుగుతారులే అనుకున్నాను."

గిజిగాడు కళ్లు తుడుచుకుని, మసి పట్టిన ఆ చేతిని తన రెక్కల్లోకి తీసుకున్నాడు.

"నేనే వచ్చి అడగాల్సింది మామా. నువ్వు గుంట తియ్యి. అల్లడం నీకు నేను నేర్పుతాను."

నాలుగో మర ఒరగలేదు. అది గిర్రున తిరుగుతుంటే అడవంతా చేరి కేరింతలు కొట్టింది. పందికొక్కు మాత్రం అక్కడ ఆగలేదు. బొగ్గు సొరంగం దగ్గరికి పరుగెత్తి, లోపల దిగులుగా కూర్చున్న తనవాళ్లను కేకేసింది.

"బయటికి రండర్రా, మన కోసం ఎదురు చూస్తున్నారు!"