మడతేసిన గోతం

మిరపకాయల తొడిమలు తీస్తుంటే ఘాటుకు తుమ్ములొస్తాయి. తుమ్మినప్పుడల్లా ఎస్తేరమ్మ చీర తడుస్తుంది. అందుకే ఏళ్ళ తరబడి కల్లంలో గోతం మడతేసుకుని దాని మీదే కూర్చుంటోంది. ఈసారి తనే చూపించుకుంటానంటే, కూతురు సువార్త బ్రాడీపేట ఆసుపత్రికి తీసుకొచ్చింది.

"ఆపరేషన్‌తో తగ్గుద్ది పెద్దమ్మా," అంది డాక్టరమ్మ. "కాకపోతే డెబ్బై దాటాయిగా, చిన్నవాళ్ళకి తగ్గినంత తగ్గకపోవచ్చు."

"నలభైలో అయితే?"

"ఇంకా బాగా తగ్గేది. అప్పుడెందుకు రాలేదూ?"

ఎస్తేరమ్మ ముఖంలో బాధ కనపడలేదు. లేచి, సువార్త భుజం పట్టి తన కుర్చీలో కూర్చోబెట్టింది.

"నాకేమైందమ్మా?"

"నిన్న కల్లంలో నీ కింద గోతం చూశా. మడతేసి ఉంది. డాక్టరమ్మకి చెప్పు."