తెల్లదా, నల్లదా

"మీరు టీవీకి ఎంత దూరంలో కూర్చుంటారు సార్?" అని అడిగింది కొట్లో అమ్మాయి.

"నేను కూర్చోనమ్మా. మా ఇంట్లో మిర్తో అని ఉంది, తనే కూర్చుంటుంది," అన్నాడు మెనెలాస్.

"పోనీ, ఆవిడ ఎంత దూరంలో..."

"ఆవిడేంటమ్మా, పన్నెండేళ్ళ పిల్ల. తెరకి ముక్కు ఆనించి కూర్చుంటుంది."

గ్రీసు దేశంలోని వోలోస్ పట్నంలో, రేవు వీధిలో ఉందా కొట్టు. బల్లమీద రెండు వీడియో గేమ్ డబ్బాలు, ఒకటి తెల్లది, ఒకటి నల్లది. ధర ఇంచుమించు ఒకటే. పేర్లు మాత్రం రెండూ లారీ నంబర్లలా ఉన్నాయి.

మిర్తో తనకి ఏది కావాలో పేరు పెట్టి మరీ చెప్పింది. అప్పుడు మెనెలాస్ ఫుట్‌బాల్ చూస్తూ "సరే సరే" అన్నాడు. ఇప్పుడు ఫోన్ చేసి అడగొచ్చు. అడిగితే "నువ్వెప్పుడూ వినవు నాన్నా" అంటుంది. అది నిజం కాబట్టే ఆ మాట పడటం అతనికి ఇష్టం లేదు.

వరదలో ఊళ్ళో ఇల్లు మునిగి, ఈ పట్నంలో అద్దెకి దిగినప్పటినుంచీ పిల్ల మొహాన నవ్వు లేదు. పాత గేమ్ డబ్బా కూడా ఆ బురదలోనే పోయింది. సరైన డబ్బా తీసుకెళ్తే నవ్వుతుంది. తప్పు డబ్బా తీసుకెళ్తే "పర్లేదు" అంటుంది. ఆ పర్లేదంటేనే అతనికి భయం.

"ఏది మంచిదో నువ్వే చెప్పమ్మా."

"తెల్లది వేగం సార్. నల్లదాంట్లో బొమ్మ బాగుంటుంది."

"అయితే నల్లది."

"కానీ నల్లది వేడెక్కుతుంది."

"అయితే తెల్లది."

"తెల్లదాంట్లో చోటు తక్కువ."

మెనెలాస్ బుర్ర గిర్రున తిరిగింది. పెళ్ళి చూపుల్లో కూడా అతను ఇంత సతమతం కాలేదు.

"మీ అమ్మాయి ఫ్రెండ్స్ ఏది కొంటున్నారు సార్? తెల్లదాంట్లో ఉన్నవాళ్ళు నల్లదాంట్లో వాళ్ళతో కొన్ని ఆటలు ఆడలేరు."

"దానికి ఫ్రెండ్సెవరూ లేరులే."

అంతలో ఒక ముసలాయన లోపలికి వచ్చాడు. సముద్రపు గాలికి నల్లబడ్డ మొహం, ఇసుక మింగినట్టు బొంగురు గొంతు. వస్తూనే తెల్లడబ్బా మీద చెయ్యి వేశాడు.

"ఇది నాకివ్వు తల్లీ."

"అదొక్కటే మిగిలింది తాతా," అంది ఆ అమ్మాయి.

ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా చెయ్యి వేశాడంటే ఇదే మేలైనదై ఉండాలి అనుకున్నాడు మెనెలాస్. పక్కవాడు ఆశపడితేనే కదా సరుకు విలువ తెలిసేది. అతనూ డబ్బాకి రెండోవైపు చెయ్యి వేశాడు.

"నేను ముందొచ్చాను పెద్దాయనా."

"నువ్వింకా తేల్చుకోలేదుగా నాయనా."

"ఇప్పుడే తేల్చుకున్నా. మీకు నల్లది చాలదా? ఇంతకీ ఎవరికి, మనవడికా?"

"నాకే."

మెనెలాస్‌కి నవ్వాగలేదు. "ఈ వయసులో కాఫీ కొట్టు ముందు కూర్చుని పాచికలు వేసుకోక, మీకెందుకండీ ఈ ఆటలు?"

"పాచికలు వేసేవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. నాతో ఆడేవాళ్ళు ఒక్కరే మిగిలారు నాయనా, వాళ్ళు ఈ తెల్లదాంట్లో..."

మెనెలాస్ ఆ మాట పూర్తిగా వినలేదు.

"చూడండి, మా పిల్ల నవ్వి నెలలైంది. దీనికోసమే ఎదురుచూస్తోంది."

ముసలాయన కాసేపు డబ్బా వంక చూశాడు. తర్వాత చెయ్యి తీసేశాడు.

"ఆ సంగతి ముందే చెప్పొద్దూ. తీసుకెళ్ళు."

ఉత్తి చేతులతో బజారు వైపు నడిచి వెళ్ళిపోయాడు. మెనెలాస్ గెలిచినవాడిలా ఇంటికి వెళ్ళాడు.

డబ్బా చూడగానే మిర్తో తండ్రి మెడకి వేలాడింది.

"తెల్లదే! విన్నావన్నమాట."

"వినకేం," అన్నాడు మెనెలాస్, వంటింట్లోకి పోతూ.

"పీత కూడా ఇవాళే కొంటానన్నాడు. ఇద్దరం తెల్లదే కొనాలని అనుకున్నాం."

"పీతెవరే?"

"నా ఫ్రెండ్. ఆటలో తన పేరది, నాది కందిరీగ. ఊళ్ళో ఉన్నప్పుడు ఇద్దరం నెట్‌లో పడవల ఆట ఆడేవాళ్ళం. మన డబ్బా పోయాక ఇంకెవరితోనూ ఆడలేదట, నాకోసం ఆగాడు."

పిల్లకి ఫ్రెండున్నాడన్న సంగతే మెనెలాస్‌కి కొత్త. మిర్తో వైర్లు తగిలించి, తెరమీద పడవ ఎక్కి ఎదురుచూసింది. పక్క పడవ ఖాళీగానే ఉంది. సాయంత్రానికి ఫోన్ మోగింది. చేతులు ఖాళీ లేక స్పీకర్ నొక్కింది.

"కందిరీగా, దొరకలేదమ్మా."

బొంగురు గొంతు. కాఫీ కలుపుతున్న మెనెలాస్ చెయ్యి ఆగిపోయింది.

"అదేంటి పీతా? పోనీ పాతదాంతో..."

"పాతది పొద్దున్నే మా దీవి బడిపిల్లలకి ఇచ్చేశాను, కొత్తది వచ్చేస్తుందన్న ధీమాతో. ఇప్పుడు పడవలో ఉన్నాను, ఇంటికి పోతున్నా."

"వేరే కొట్లో చూడలేకపోయావా?"

"ఊరంతా తిరిగాను. మళ్ళీ ఎప్పుడొస్తాయో తెలీదట. ఇక చాల్లే, కొట్లో ఒకాయన అన్నట్టు నావి పాచికలు వేసుకునే రోజులు. నువ్వు నీ ఈడు పిల్లల్ని చూసుకో."

మిర్తో చేతిలోని ఆట రిమోట్‌ని ఒళ్ళో పెట్టుకుంది.

"పర్లేదు," అంది.

"ఒక్కటి నా చేతిదాకా వచ్చిందే. ఆయన కూతురు నవ్వి నెలలైందట. నాకు నువ్వే గుర్తొచ్చావు, ఎలా లాక్కోను?"

మెనెలాస్ గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఈసారి ఒక్క మాట కూడా పోకుండా విన్నాడు.

"పోన్లే కందిరీగా. ఆ పిల్లెవరో గానీ, ఈపాటికి నవ్వే ఉంటుంది."