ఇరవైకి ఇరవై ఒకటి

మణికొండలో మా అపార్ట్‌మెంటు ముప్పై ఇళ్లకూ పాలు ఎక్కడ కొనాలో తేల్చే అధికారం నాకొచ్చింది. దాంతో నా నడకే మారిపోయింది. ఇరవై ప్రశ్నల జాబితా అచ్చు తీసుకుని, మా ఇంటి స్టీలు క్యాను పట్టుకుని, పొద్దున్నే ఔటర్ రింగు రోడ్డు అవతల అండాలమ్మ గేదెల షెడ్డుకు వెళ్లాను.

గేటు దగ్గరే ఆవిడ నా చెప్పులు విప్పించి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడిగించింది. తనిఖీకి వచ్చినవాడికి ఎంత మర్యాదో అనుకున్నాను.

ఆవిడ గోళ్లు కత్తిరించి ఉన్నాయి, టిక్కు. జుట్టుకు గుడ్డ, టిక్కు. పొదుగు గోరువెచ్చని నీళ్లతో కడిగి తుడిచి, మొదటి నాలుగు ధారలు వేరే గిన్నెలో పిండి పారబోసింది. అది నా జాబితాలోనే లేదు. ఒక ప్రశ్న పెంచి మరీ టిక్కు పెట్టాను.

"ఇరవైకి ఇరవై ఒకటండీ. ఇవాళే మొదలుపెట్టేద్దాం" అని క్యాను చాపాను.

ఆవిడ మూత తీసి, లోపలి రబ్బరు ఊడదీసి వాసన చూసింది. దాని కింద పేరుకున్న పాత మీగడ నాకు చూపించింది.

"గిండ్ల పోస్తే పాలు పలిగిపోతయ్, పేరు నాది పోతది సారూ. ఆ కాయితం జర ఇటియ్యుండ్రి."

జాబితా అడుగున తనే ఒక గడి గీసి ఇంటు కొట్టింది.

ఇప్పుడు కుళాయి దగ్గర కూర్చుని క్యాను తోముతున్నాను. గేదెలన్నీ నన్నే చూస్తున్నాయి.

"ఇంక ఇరవై తొమ్మిది ఇండ్ల క్యాన్లు సూడాలె" అంది అండాలమ్మ, నా పెన్ను చెవి మీద పెట్టుకుంటూ.